ఎలుకలకు దక్కని నీళ్లు

"నా ఎలుకలకు మళ్లీ ఫిట్స్ వస్తా ఉండాయి సార్," అంది హంసిని, కుర్చీలో కూర్చోకుండానే.

తిరుపతిలో ప్రైవేటు డిటెక్టివ్ మునిచంద్రకు వచ్చేవి చాలావరకు పెళ్లిసంబంధాల వాకబులే. అసిస్టెంటు నిస్సీ నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

హంసినిది మూర్ఛరోగం మీద పరిశోధన. హైడ్రోజన్ వాయువు కలిపిన నీళ్లు తాగిన ఎలుకల్లో మూర్ఛలు తగ్గుతున్నట్టు కనిపించింది. ఉన్నట్టుండి ఆ తేడా మాయమైంది. ఇలాగే సాగితే ప్రాజెక్టు మూసేస్తారు. ఆమె అనుమానమంతా పై అధికారి లక్ష్మీనరసింహ మీదే.

ల్యాబులో మునిచంద్ర ఎలుకల సీసాను వెలుతురుకు పట్టి చూశాడు. అంచున తెల్లటి చార కట్టి ఉంది.

"మీ శుద్ధి నీళ్లు ఆరితే ఇట్ల ఉప్పు పడతాదా?"

"పడదు." హంసిని ముఖం పాలిపోయింది. "ఇవి బోరు నీళ్లు!"

హైడ్రోజన్ నీళ్లు నింపిన సంచులుండే ఫ్రిజ్ తాళంచెవి లక్ష్మీనరసింహ దగ్గరొకటి, అటెండరు దామోదరం దగ్గరొకటి ఉన్నాయి.

"ఈ పరిశోధన దండగని ఆమె ముఖం మీదే చెప్పాను. చాటుగా చెడగొట్టే ఖర్మ నాకేం?" అని కసిరాడు లక్ష్మీనరసింహ.

దామోదరం నడుముకు తుప్పుపట్టిన తాళంచెవుల గుత్తి వేలాడుతోంది.

"ఒక్క ఫ్రిజ్‌కు ఇన్ని తాళాలేందప్పా?" అన్నాడు మునిచంద్ర.

"అలవాటు సార్."

సాయంత్రం మునిచంద్ర అందరినీ కూర్చోబెట్టాడు.

"చెడగొట్టాలనుకునేవాడు సంచి మూత తీసిపెడితే చాలు, హైడ్రోజన్ దానంతటదే పోతుంది. బోరు నీళ్లు నింపే శ్రమ పడడు. ఈ దొంగకు ఆ నీళ్లే కావాలి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో ఇనుము పెట్టడం మన వైపు ఆచారం. ఇంట్లో ఎవరికి, దామోదరం?"

నిస్సీ అబ్బురంగా ఆ గుత్తి వైపు చూసింది. దామోదరం గోడకు జారగిలబడ్డాడు.

"నా బిడ్డకు సార్. బండి మీద బడికి తీసకపోయేది నేనే, దోవలో వస్తే పెట్టాలని ఈ తాళాలు. ఎలుకలకే తగ్గతా ఉంటే మనిషికి తగ్గదా అనుకున్నా. రాత్రంతా రాగిచెంబులో అమ్మోరి ముందర పెట్టి, తెల్లారినాక తాపిస్తా ఉండాము."

"మూత లేకుండానా?" అంది హంసిని. "అయితే పాప తాగింది ఉత్త నీళ్లే."

పోనీలే, హాని జరగలేదనుకుంది నిస్సీ. మునిచంద్ర మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఫిట్స్ మాత్రలు వేస్తా ఉండారా?"

"ఆపేసినాం సార్."

దామోదరం ఇంటికి ఫోన్ చేస్తే భార్య చెంగమ్మ బదులు పక్కింటామె ఎత్తింది. "చెంగమ్మ ఆస్పత్రికి పరిగెత్తిందన్నా. బిడ్డకు ఫిట్స్ ఆగలా."

అందరినీ కారులో ఆస్పత్రికి తీసుకుపోయింది లక్ష్మీనరసింహే. ఇంజెక్షన్లు పడ్డాక పాప కళ్లు తెరిచిందని డాక్టరు చెప్పేదాకా ఎవరూ కూర్చోలేదు.

దామోదరం ఏడుస్తూ హంసిని దగ్గరికి వచ్చాడు. "ఉద్యోగం తీసేయండి మేడం. ఒక్కటి చెప్పండి. ఆ నీళ్లు మూత పెట్టి తాపించింటే నా బిడ్డకు తగ్గిండేదా?"

హంసినికి కోపం రాలేదు, బాధేసింది.

"నాకూ తెలీదు దామోదరం. తెలుసుకుందామనే ఎలుకలకు పోయమన్నాను."