నుయ్యి వైపు తిప్పిన కెమెరా

కోటబొమ్మాళి రైలుగేటు దాటి మిషను పేటకి పోతుంటే, ఇళ్ళ వెనక ముళ్ళతుప్పల మధ్య ఒక పాడునుయ్యి ఉంది. దాని పేరెత్తితే చాలు, పగలంతా మీసం మెలేసే మగాళ్ళు కూడా మాట మార్చేస్తారు. చీకటి పడ్డాక అటు మగపురుగు పోదు. ఆటోవాళ్ళు సైతం చుట్టుదారి పట్టుకుపోతారు.

అక్కడ గురమ్మ ఉంటుందట... తెల్లచీర కట్టి, జుట్టు విరబోసుకుని, నూతిగట్టు మీద కూర్చుని ఉంటుందట. పిలవదు. నవ్వదు. చూస్తుంది — అంతే.

ఊరందరికీ ఆమె దెయ్యం. ఒక్క జ్ఞానసుందరికి మాత్రం అమ్మ.

సుందరి చిన్నప్పుడే మిషను హాస్టల్లో చేరింది. నర్సు చదువు చదివి శ్రీకాకుళం ఆస్పత్రిలో ఉద్యోగం సంపాదించుకుంది. హుద్‌హుద్ తుఫానుకి అమ్మ పాక ఎగిరిపోతే, రెండేళ్ళకి అదే జాగాలో డాబా వేసింది. లోపలే బాత్రూమూ అదీ కట్టించుకుని వచ్చి దిగింది. దిగిన సాయంత్రమే పక్కింటి కూర్మమ్మ గొంతు తగ్గించి చెప్పింది:

"సుందరీ... రేత్రి పూట ఎనక కిటికీ తియ్యకమ్మా. మీ యమ్మ తిరుగుతాది."

సుందరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం పాపం చేసిందని అమ్మకి ఈ పేరు? ఊడ్పులకీ కోతలకీ పోయి బతికింది. పేటలో సగం మంది పిల్లలకి పురుడు పోసింది. చివరికి జ్వరంతో మంచం మీద పోయింది. అలాంటి మనిషి నూతిలో దూకి చచ్చిందని, దెయ్యమైందని ఊరూరా చాటారు. అన్నం తినని పిల్లాణ్ణి బెదిరించాలన్నా "గురమ్మొస్తాది" అనే మాటే. అది చెవిన పడ్డప్పుడల్లా, అమ్మని ఎవరో జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చినట్టుండేది ఆమెకి.

"మా యమ్మ దేవుడి దగ్గరున్నాది పిన్నీ. నూతికాడ లేదు," అంది పళ్ళు బిగించి.

చెప్తే వినే జనం కాదు. చూపిస్తేనే నోళ్ళు మూతపడతాయి. సుందరి శ్రీకాకుళం వెళ్ళి, ఇంటికి పెట్టుకునే కెమెరా ఒకటీ, దాని రికార్డు పెట్టె ఒకటీ కొనుక్కొచ్చింది. బిగించడానికి షాపు నుంచి కొండబాబు అనే మెకానిక్ వచ్చాడు.

"గేటు పక్క పెడతానండి. దొంగలు అటే కదండీ వస్తారు," అన్నాడు నిచ్చెన వేస్తూ.

"దొంగల కోసం కాదు. ఎనక గోడకి పెట్టు. నుయ్యి కనబడాల."

కొండబాబు చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. తుప్పల వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత పని చేసిన వేగం చూడాలి! పొద్దు వాలకముందే వైర్లు లాగి, పెట్టెని టీవీకి కలిపి, తేదీ, టైము సరిచేసి, గబగబా పాఠం చెప్పేశాడు.

"ఎదర ఏదైనా కదిల్తేనే ఇది రికార్డు చేస్తాదండి. కదలకపోతే ఊరుకుంటాది. పాతవి సెరిపీయాలంటే ఇదిగో, ఇక్కడ నొక్కాల. ఒకటీ రెండూ తియ్యడానికి కుదర్దు, మొత్తం పోతాయి. పాస్‌వర్డు సెప్పండమ్మా."

"గురమ్మ అని పెట్టు."

అతను అదే పెట్టి, సంచి సర్దుకుని, ఇచ్చిన టీ కూడా సగం వదిలేసి బండెక్కాడు.

ఆ సాయంత్రమే కుళాయి దగ్గర నిలబడి సుందరి అందరికీ వినబడేలా చెప్పింది: "వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ మా ఇంటికి రండి. ఈ వారం రేత్రులన్నీ టీవీలో ఏసి సూపిస్తాను. నూతికాడ ఏటీ లేదని మీ కళ్ళతో మీరే సూస్తారు. ఆ తరవాత ఎవడైనా మా యమ్మని దెయ్యమన్నాడా... ఊరుకోను!"

ఊళ్ళో కాంట్రాక్టు పనులు చేయించే జగన్నాధం అప్పుడే బండి మీద అటొచ్చి ఆగాడు. ముసిముసిగా నవ్వాడు. "నానూ వస్తానమ్మా. ముందొరసలో కూకుంటాను."

ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కూర్మమ్మ వెనకాలే ఇంటిదాకా వచ్చింది.

"ఆ కెమెరా తీయించీ తల్లీ. నీకు దణ్ణమెడతాను."

"ఎందుకు?"

కూర్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగిపోయింది. పుకారు పుట్టించినవాళ్ళకి ఆ మాత్రం భయం ఉండాల్సిందే అనుకుంది సుందరి. ఆ వారమంతా ఆమెకి నైట్ డ్యూటీ. పెట్టెలో ఏం రికార్డవుతోందో చూసుకునే తీరికే దొరకలేదు.

శనివారం రాత్రి దొరికింది. జడ విప్పుకుని, దీపం ఆర్పేసి, టీవీ ముందు కూర్చుంది. తెర మీద, బయట ఆ క్షణాన ఉన్న బూడిదరంగు చీకటే. తుప్పలు. నూతిగట్టు. ఎక్కడా ఆకు కదలడం లేదు.

అప్పుడు కదిలింది... తెల్లగా.

ఒకటి కాదు. మూడు.

తెల్లచీరలు. సున్నం కొట్టినట్టు మొహాలు. ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా నూతి పక్కనుంచి తుప్పల్లోకి పోతున్నాయి. చివరిది ఆగింది. మెల్లగా తల తిప్పి... కెమెరా వైపే చూసింది. కళ్ళు రెండూ కెమెరా వెలుగులో పిల్లి కళ్ళలా మండాయి.

సుందరి తెర మీదకి వంగింది. "అమ్మా..." అన్న మాట తనకి తెలియకుండానే వచ్చేసింది.

వచ్చాక ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ఊరితో కాదన్న మాటని ఆఖరికి తన నోటే అనిపించారు! టార్చిలైటు తీసుకుని, వెనక తలుపు బార్లా తీసి బయటపడింది.

తుప్పల్లో గరగరమంది. ఎవరో పరిగెత్తారు. గట్టు దాకా వెళ్ళి నలువైపులా లైటు కొట్టింది — ఎవరూ లేరు. కాళ్ళ దగ్గర మాత్రం ఒక సత్తుచెంబు దొర్లి ఉంది. దాని చుట్టూ నేల తడిగా ఉంది.

దెయ్యానికి చెంబు ఎందుకు?

చెంబు తీసుకుని ఇంట్లోకొచ్చి రికార్డు వెనక్కి తిప్పింది. మూడు ఆకారాలూ మళ్ళీ వచ్చాయి, పోయాయి. ఆ తర్వాత... నాలుగోది వచ్చింది. తెల్లచీర. విరబోసిన జుట్టు. మండే కళ్ళు. విసవిసా నడిచి గట్టు దాకా పోయింది.

దాని చేతిలో టార్చిలైటు ఉంది.

సుందరి వంగి తన చీర చూసుకుంది. మెరూన్ రంగు పాలిస్టరు చీర. టీవీలో చూస్తే పాలలో ముంచినట్టుంది. చీకట్లో ఈ కెమెరా కంటికి రంగులు ఆనడం లేదన్నమాట. అంటే వచ్చినవాళ్ళు మనుషులు! ఎవరో అమ్మ పేరు పెట్టుకుని ఆటలాడుతున్నారు. అంతలో...

వెనక తలుపు మీద ఎవరో తట్టారు.

చిలకాకుపచ్చ చీరలో కూర్మమ్మ. ఆయాసపడుతోంది. "నా సెంబు ఇచ్చీ."

"నువ్వా! నువ్వేనా మా యమ్మ ఏషం కట్టింది?"

"ఏషమేటి?" కూర్మమ్మ గొంతు గుసగుసే, కాని సలసల కాగుతోంది. "నానూ, నా కోడలూ, ఎదురింటి ఆడగుంటా బయటికెల్నాం. నీకంటే బాత్రూము ఇంట్లోనే ఉన్నాది. మేమెక్కడికెల్తాం?"

సుందరి చెంబు వైపు చూసింది.

"అప్పట్లో ఊళ్ళోంచి మగోళ్ళొచ్చి ఆ దారి కాసీవోరే. లైట్లు మొకాన ఏసి నవ్వీవోరు. ఓ రేత్రి ఒకడు సిన్నగుంట సెయ్యట్టుకుని లాగినాడు. ఆ తరవాత పొద్దుకూకితే నీళ్ళు తాగడం మానీసినాం, బయటికెల్లాలని. అప్పుడు మీ యమ్మ ఏటి సేసిందో తెలుసా? తెల్లసీర కట్టి, జుట్టిరబోసి, ఆ గట్టు మీద కూకున్నాది. ఆ లాగినోడు మళ్ళీ వచ్చినాడు. సూసినాడు. పంచెలో తడిపీసుకుని పరిగెట్టినాడు. ఆ రోజు నుంచి మగోడన్నోడు ఇటు రాలేదు."

"మరి... నూతిలో దూకిందని..."

"జొరంతో పోయిందంటే ఎవడికి బయిం? అందుకే దూకిందన్నాం. బతికున్నప్పుడు మాకు కాపలా కాసింది. పోయాకా కాస్తంది." కూర్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "నీకు సెప్దామంటే నువ్వు సదువుకున్నదానివి. ఎక్కడ బయట అనీస్తావో అని బయిం."

"సర్కారు మరుగుదొడ్లు కట్టించినారు కదా!"

"గోడలు కట్టినారు. గొయ్యి తవ్వలేదు. పొటోలు తీసుకుని ఎలిపోనారు. అందులో పిడకలెట్టుకున్నాం. ఆ కాంట్రాక్టు జగన్నాధానిదే."

"అప్పుడు సెయ్యట్టుకు లాగినోడెవడు పిన్నీ?"

కూర్మమ్మ తిన్నగా ఆమె మొహంలోకి చూసింది. "రేపు నీ ఇంట్లో ముందొరసలో కూకుంటానన్నాడు కదా... ఆడే. మా కోడళ్ళు సెంబట్టుకెల్లడం ఆడికి టీవీలో సూపిస్తావా సుందరీ?"

సుందరికి తల కొట్టేసినట్టయింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది. వారం రోజులుగా ఉన్న కోపం దీని ముందు ఏపాటిది? ఇన్నాళ్ళూ అది తప్పు మనుషుల మీద ఖర్చయిపోయింది. చెంబు కూర్మమ్మ చేతికిచ్చి ఇంటికి పంపింది. కొండబాబు చూపించిన చోట నొక్కింది. పెట్టెలో ఉన్నదంతా చెరిగిపోయింది.

కాని రేపు జనం వస్తారు. ఏమీ లేదని ఖాళీ తెర చూపిస్తే అమ్మకి మంచి పేరు మిగులుతుంది. ఆ మరుసటి రాత్రి నుంచి దారి మళ్ళీ మగాళ్ళదవుతుంది.

 సుందరి లేచి, టార్చి తీసుకోకుండా, అదే మెరూన్ చీరతో ఒక్కతే నుయ్యి దాకా నడిచి వచ్చింది. రికార్డయిందో లేదో కూడా చూసుకోకుండా పడుకుని ఏడ్చింది.

ఆదివారం ముందుగది నిండిపోయింది. మగాళ్ళు చాపల మీద, ఆడవాళ్ళు గుమ్మం బయట. జగన్నాధం చెప్పినట్టే ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఏటమ్మా... ఏదీ మీ యమ్మ?"

సుందరి రిమోట్ నొక్కింది.

చీకటి. నూతిగట్టు. తెల్లటి ఆకారం జుట్టు విరబోసుకుని నడిచింది. ఆనవాలు పట్టడానికి మొహమే లేదు — తెల్లటి మచ్చ, మండే రెండు కళ్ళు. గదిలో ఎవరో "ఓలమ్మో" అన్నారు. ఎవరో ప్రార్థన అందుకున్నారు.

"మా యమ్మే," అంది సుందరి. ఆ మాట అనడానికి ఆమెకి గుండె చీల్చుకున్నంత పనైంది. "నేను కాదన్నాను. నాదే తప్పు. అక్కడే ఉన్నాది."

జగన్నాధం కుర్చీలోంచి లేచాడు.  వేలు చాపాడు... నడుస్తున్న ఆకారం వైపు కాదు. దాని వెనక.

"అద్గదీ... గట్టు మీద... ఆ రోజూ అలగే కూకున్నాది..."

సుందరి తెర వైపు తిరిగింది.

గట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. తెల్లగా. పిలవలేదు, నవ్వలేదు. ఇసుమంతైనా కదల్లేదు.

రాత్రి తను నడిచినప్పుడు సుందరికి అక్కడ ఎవరూ కనబడలేదు. అయినా ఆయన వైపు తిరిగింది. "జగన్నాధం గారూ! ఆ దొడ్లకి గోతులు తవ్వించండి. అప్పుడు మా యమ్మ ఆ గట్టు మీంచి లేస్తాది. లేదంటే — తమరి ఇల్లు కూడా ఆమెకి తెలుసు."

చెప్పులు వదిలేసి పోయాడాయన.

అందరూ వెళ్ళాక సుందరి కూర్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గట్టు మీద మీలో ఎవరు కూకున్నారు పిన్నీ?"

"ఒట్టు తల్లీ... నువ్వు పంపినాక మేమెవరం గడప దాటలేదు."

ఇద్దరూ టీవీ వైపు చూశారు. ఏదైనా కదిల్తేనే రికార్డు చేస్తుందని కదా కొండబాబు చెప్పాడు. కదలకుండా కూర్చున్న మనిషి ఎన్ని రాత్రుల నుంచి అక్కడ ఉందో, పాపం ఆ పెట్టెకేం తెలుసు, కదిలినవాళ్ళనే చూసిన సుందరికేం తెలుసు?

మర్నాడు కొండబాబు మళ్ళీ నిచ్చెన వేశాడు. "ఎటు తిప్పమంటారమ్మా?"

"రోడ్డు పక్కకి తిప్పు. ఊళ్ళోంచి ఎవడొచ్చినా కనబడాల," అంది సుందరి. "నూతి పక్క అక్కర్లేదు. అక్కడ మా యమ్మ ఉన్నాది."