మందతో పోయినవాళ్ళ లెక్క

సొంత తమ్ముడు రంగనాయకులు చేసిన ద్రోహాన్ని ఆదిశేషు పదిహేనేళ్ళయినా మరవలేదు. ఆ ఎండాకాలం అతను భార్య మల్లిని, ఐదేళ్ళ కొడుకు ఆనంద్‌ను వెంటబెట్టుకొని, గొర్రెల మందను తోలుకుంటూ దర్శి అవతలికి మేతకు పోయాడు. అప్పుడే ఊళ్ళో కుటుంబాల లెక్క రాశారు. అందులో ఆదిశేషు లేడు. తర్వాత బంజరుకు పట్టాలిచ్చేటప్పుడు, ఊళ్ళో లేని మనిషికి చేనేందన్నారు. రాళ్ళేరి, కంప కొట్టి బాగుచేసిన నేల చెయ్యిజారింది. "నేను లేనని ఎవడు చెప్పినాడ్రా?" అని కర్రెత్తి అడిగితే, తల వంచుకొని "నేనే" అన్నాడు రంగనాయకులు. ఆ పూటే ఉమ్మడి ఇంటి నడుమ గోడ లేచింది. తల్లి నాగేంద్రమ్మ ఒక పూట ఈ పక్క, ఒక పూట ఆ పక్క తింటూ వస్తోంది.

ఇప్పుడు ఊళ్ళో మళ్ళీ లెక్క రాస్తున్నారు. ఆ ఉదయం మల్లి దొడ్లో గొర్రె పెంటికలు ఊడుస్తోంది. మోకాలు సహకరించక ఆదిశేషు ఇంటిపట్టునే ఉన్నాడు, మందతో ఆనంద్ పోయాడు. చర్చి వీధి పాల్ రాజు కూతురు బ్లెస్సీ సర్వే ఫోను పట్టుకొని వచ్చింది.

"మా చర్చి వీధి అరవై గడపలూ అయిపోయినాయి మామా. మీ వీధే తేలడం లేదు. సగం ఇళ్ళకు తాళాలే. మందలెంట కొందరు, హైదరాబాదు కూలికి కొందరు."

"మమ్మల్నన్నా రాసుకో తల్లీ. మాకు ఊళ్ళో ఉండి కూడా లేకపోవడం అలవాటే," అన్నాడు ఆదిశేషు, గోడవతలికి వినబడేలా.

"ఇంట్లో ఎంతమంది అవ్వా?" అంది బ్లెస్సీ, అరుగు మీద కూర్చున్న ముసలామెతో.

"ముగ్గురం," అంది నాగేంద్రమ్మ.

"నలుగురం! ఆనంద్ ఏమైనాడమ్మా?"

"నోరు ముయ్యి! మందతో పోయినోని తల లెక్కలో చెప్తారంట్రా? దిష్టి కొట్టదా? ఇల్లు చేరినాకే చెప్పాల. ఆ లెక్కప్పుడు నిన్ను గూడా చెప్పలా నేను. అందుకే చల్లంగా తిరిగొచ్చినావు."

మల్లి చేతిలో చీపురు ఆగిపోయింది. నాగేంద్రమ్మకు మాత్రం తానేం చెప్పిందో తెలియనే లేదు.

ఆదిశేషు కుంటుకుంటూ గోడ చుట్టి పోయాడు. రంగనాయకులు పలుపుతాడు పేనుతున్నాడు.

"నేను లేనని చెప్పింది అమ్మంట గదా. నీ మీదెందుకేసుకున్నావురా?"

"ఆ పొద్దు నీ చేతిలో కర్రుండె గదన్నా," అన్నాడు రంగనాయకులు తలెత్తకుండా. "అమ్మని ఒక్క మాటన్నా ఆమె బతకదు. నన్నంటే ఏముంది, తమ్ముణ్ణి."

"పదిహేనేళ్ళు తిట్టినా గదరా!"

"తిట్టినావులే. మా వదిన మాత్రం నీకు తెలీకుండా పండగ పండక్కీ అరిసెలు పంపించింది."

ఆదిశేషు తమ్ముడి పక్కన కూలబడ్డాడు. తల్లికి ఇద్దరు కొడుకులూ దక్కింది వీడి మౌనం వల్లే. భుజం మీద చెయ్యి వేసి కళ్ళు తుడుచుకున్నాడు. తుడిచేకొద్దీ నీళ్ళు.

బ్లెస్సీ మెల్లగా అక్కడికే వచ్చింది. "ఆనంద్ పేరు రాసినా మామా, అవ్వకు చెప్పొద్దు. సాగు భూమి ఎంతని రాయాల?"

"సున్నా రాయి తల్లీ," అన్నాడు ఆదిశేషు. మొదటిసారి ఎవరినీ తిట్టకుండా చెప్పాడు. "కొండ కింద ఉండె. పోయింది. ఎకరా నలభై సెంట్లు."