మిట్టమధ్యాహ్నం ఆకు బస్తాలు

"నలుగురూ దొంగల ముఠా. నలుగురూ మన ఆర్మీ యూనిఫాంలోనే ఉన్నారు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్. దొంగ సర్టిఫికెట్లతో చేరి, అయిదేళ్లు బుద్ధిగా సెల్యూట్లు కొట్టి, డిపోలోంచి సైఫర్ మెషిన్ ఎత్తుకుపోయారట. సరిహద్దు పోస్టుల రహస్య సందేశాల కోడ్‌లన్నీ అందులోనే ఉన్నాయి. అది విదేశీ ముఠాకు చేరితే పోస్టులన్నీ శత్రువు గుప్పిట్లోకి పోయినట్టే. వాటిలో ఒక పోస్టులో ఏజెంట్ హరిలాల్ తమ్ముడు కోటేష్ కాపలా కాస్తున్నాడు.

2004 మే నెల. మెషిన్ ఆకు బస్తాల్లో దాటబోతోందని కబురందింది. భద్రాచలం అడవి అంచున, బీడీ ఆకు ఎండబెట్టే తునికాకు కల్లంలో హరిలాల్ కూలీ వేషంలో దిగాడు. వారం రోజులు కట్టలు తిరగేసి నడుం పడిపోయిందే గాని ఆచూకీ దొరకలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం నలుగురు కొత్త కూలీలు ఆకును బస్తాలకెత్తుతుంటే, పక్కనున్న కూలీ మంగ్లి నోరు నొక్కుకుంది.

"గిదేంది అన్నా, గీ ఎండల ఆకు నింపుతరా? నీళ్లు చల్లి, మెత్తబడ్డంక పొద్దుగాల నింపాలె. గిట్లయితే అంతా పొడైతది."

ఆకు పాడైనా లెక్కలేనివాడు ఆకు కోసం వచ్చినవాడు కాడు. హరిలాల్ చాటుకు పోయి, లైటర్‌లోని ట్రాన్స్‌మిటర్ నొక్కి కోడ్ చెప్పాడు. జీపు పంపుతున్నానంది తోటి ఏజెంట్ హేమలత.

జీపులోంచి ఆమే దిగింది, నల్ల కళ్లద్దాలతో. వెనకే తుపాకీతో హవల్దార్ రవీందర్. అతన్ని చూడగానే నలుగురు కూలీలూ అటెన్షన్‌లో నిలబడ్డారు. చీఫ్ లెక్కలో అయిదోవాడు లేడు, ఈమె అసలే లేదు.

"సారీ హరిలాల్. సాయంత్రానికి సరుకు గోదావరి దాటుతుంది," అంది హేమలత.

అతని కాళ్లూ చేతులూ కట్టి పాకలో పడేసి, అందరూ పడవ చూడ్డానికి రేవుకు పోయారు. హరిలాల్‌కు తడిక సందులోంచి చూడడం తప్ప ఏ దారీ లేదు. ఇన్నేళ్ల ట్రైనింగ్ ఒక్క ముడి విప్పలేకపోయింది. తమ్ముడు గుర్తొచ్చి ఏడ్చాడు.

అప్పుడు మంగ్లి, నలుగురు ఆడవాళ్లతో నీళ్ల బిందెలెత్తుకొచ్చింది. తాము ఎండనపడి ఏరిన ఆకు పొడైపోతుంటే చూడలేక, మూతులు విప్పి బస్తాల నిండా కుమ్మరించింది. మూడో బస్తా చిటపటమని పొగ చిమ్మింది. మెషిన్ బ్యాటరీ కాలింది. అది ఆగితే లోపలి కోడ్‌లన్నీ చెరిగిపోయినట్టే. అదే నిమిషంలో పడవ ఒడ్డుకు తగిలింది.

హేమలత తెలివైనది. సరుకు ఇక అమ్ముడుపోదు, హరిలాల్‌ను చంపితే శవం మీద ఎంక్వైరీ వస్తుంది. అతని కట్లు విప్పించి, తడిసిన మెషిన్‌ను తన టీమే పట్టుకుందని హరిలాల్ కంటే ముందే రిపోర్టు పంపింది. హరిలాల్ ఎంత మొత్తుకున్నా చీఫ్ సాక్ష్యం అడిగాడు. నలుగురు దొంగలూ తప్పించుకున్నారని ఫైలు మూసేశారు. రవీందర్‌కు మెడల్ వచ్చింది.

నెల తిరిగాక కోటేష్ ఉత్తరం రాశాడు. తాను క్షేమమట. పోస్టుకు మన ఖమ్మం నుంచే కొత్త హవల్దార్ వచ్చాడట, రవీందర్ అని, మెడల్ ఉన్నవాడు, తనను సొంత తమ్ముడిలా చూసుకుంటున్నాడట.