గోడౌన్ గోడ అవతలి గొంతు

వేసవి మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: పాత ఫర్నిచర్ అమ్మే దుకాణం, దాని వెనక పగలు కూడా లైటు వేయాల్సిన గోడౌన్, అక్క దింపి వెళ్లిన ఇద్దరు పిల్లలు. వాళ్లతో పాటు ఒక షరతు.

"చిన్నోడి కళ్లకి డాక్టరు ఏం చెప్పాడో విన్నావుగా. సెలవులు అయ్యేదాకా ఫోనూ టీవీ వాడికి కనపడకూడదు. కనపడ్డాయో, ఇక నీకు పిల్లల్ని అప్పజెప్పను," అంది అక్క.

పెళ్లి కానివాణ్ణి. నా ఇంట్లో మనుషుల అలికిడి ఉండేది ఆ సెలవుల్లోనే. ఒప్పుకున్నాను.

మొదటి మధ్యాహ్నానికే మేనకోడలు ఎదురుగా నిలబడింది. లా చదవకుండానే లాయరు ఆ పిల్ల.

"మామయ్యా, ఏం చెయ్యాలి?"

"ఆడుకోండి."

"దేంతో?"

గోడౌన్‌లోకి తీసుకెళ్లాను. కళ్లు మూసుకుని వేలి కణుపుతో తట్టి, చెక్క గట్టిదో డొల్లదో చెప్పడం మా వ్యాపారంలో మొదటి పాఠం. దాన్నే ఆట చేశాను. మంచాలూ బల్లలూ తట్టుకుంటూ ఇద్దరూ వెనక గోడ దగ్గరి నిలువెత్తు బీరువా చేరారు. గోడ పగిలిన చోటును మేస్త్రీ ఖర్చు లేకుండా కప్పడానికి నేనే అక్కడ పెట్టించాను. లాయరు దాని తలుపు తీసి, లోపలి చెక్కను మూడుసార్లు తట్టింది.

అవతలి నుంచి మూడుసార్లు బదులొచ్చింది.

"మామయ్యా, ఇది తిరిగి కొడుతోంది."

"ఎలకలు."

"ఎలకలకి లెక్కలొచ్చా?"

చిన్నోడు రెండు తట్టాడు. రెండు వచ్చాయి. ఆ తర్వాత ఎక్కడో లోతులోంచి ఒక ఆడగొంతు: "ఎవరది?"

ఆ గోడ అవతల ఉన్నది మూసేసిన మేడ. నేను దుకాణం పెట్టిన నాటి నుంచీ దాని గుమ్మానికి అదే తుప్పు తాళం. వెళ్లి మళ్లీ చూశాను. తాళం మీది సాలెగూడు కూడా చెదరలేదు.

పిల్లలకు ఆ బెంగ లేదు. రోజూ బీరువాలో దూరేవారు. "ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెప్పండి," అనేది గొంతు. ఏదో చిరిగేది. సూది దిగేది, దారం పొడుగ్గా సాగేది. ఆ పైన బరువైనదేదో కిందికి దిగి, దేన్నో నెమ్మదిగా అదిమేది.

"ఎవరినో కుడుతున్నారు," అన్నాడు చిన్నోడు.

గోడ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చింది. నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. చూడకుండా సరుకు కొనే అలవాటు నాకు లేదు.

ఓ రోజు పిల్లలు నిద్రపోయాక నేనే తట్టాను.

"మీరు పిల్లలు కారు," అంది.

"ఎలా తెలుసు?"

"పిల్లలు ఇంత అనుమానంగా తట్టరు. ఏం చేస్తుంటారు?"

"వ్యాపారం."

"అయితే నిజం చెప్పరన్నమాట."

"నష్టం లేకపోతే చెబుతాను. మీరు ఏ తలుపులోంచి వస్తారు?"

"మీకు కనపడని తలుపులోంచి."

బీరువా తలుపు గభాల్న మూసేశాను. అయినా మర్నాడూ వెళ్లాను. బేరాలు వదిలేసి బీరువాలో కూర్చునే మామయ్యను చూసి లాయరు విసిగిపోయింది.

"ఆవిడని ఆంటీ అనాలా, అత్తయ్యా అనాలా? ఏదో ఒకటి తేల్చు."

"ముందు ఆవిడ ఉందో లేదో తేలనీ."

అక్క వచ్చే రోజు దగ్గరపడింది. పిల్లలు వెళ్లిపోతే ఆ గొంతుతో నేనొక్కణ్ణే మిగులుతాను. అది మనిషిదైతే వదులుకోలేను, కాకపోతే వినకూడదు. తెగించి అడిగాను.

"ఒకసారి మా దుకాణానికి రండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఏమనుకోకండి, ఒకటి అడగాలి," అంది. "మీరు బతికే ఉన్నారా?"

జవాబుగా చెక్క మీద ఒకసారి తట్టాను.

"నేనీ మధ్యే ఇక్కడ అద్దెకు దిగాను. ఈ గోడ వెనక ఉన్నది కాలిపోయిన గోడౌనట. మనుషులే లేరట. రోజూ పిల్లల గొంతులు వింటున్నానంటే వీధిలోవాళ్లు నన్ను అదోలా చూస్తున్నారు."

కాలింది నిజమే. కాలింది కాబట్టే చవగ్గా కొన్నాను.

"అక్కడే ఉండండి," అని పిల్లల చేతులు పట్టుకుని వీధి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాను. ముందు గుమ్మం చూసి ధర కట్టే అలవాటులో, ఆ మేడకు వెనక వీధిలో ఇంకో తలుపు ఉంటుందని నాకు తోచనే లేదు. లోపల కుట్టి, జిగురు పెట్టి, బరువు కింద అదిమిన పుస్తకాల దొంతరలు. గుమ్మంలో బైండింగు చేసే అమ్మాయి. మాట్లాడకుండా వేలితో నా భుజం పొడిచి చూసింది. చొక్కాకు జిగురంటింది.

"ఉన్నారు," అంది.

"మీరూ ఉన్నారు."

"ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదు."

"సరుకు వాపసు తీసుకోబడదండి."

నవ్వింది. నవ్వుతూనే నా వెనక్కి చూసింది. "ఆ ఇంకో పాపని తీసుకురాలేదా?"

"ఏ పాప?"

"వీళ్లిద్దరూ వెళ్లాక కూడా అక్కడే తడుతూ, నవ్వుతూ ఉంటుందిగా. ఇంటికి వెళ్లవా అంటే పలకదు."

"మాకున్నది వీళ్లిద్దరే."

నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో ఆమెకూ తెలియదు. లాయరు ఆ చేతుల వంక చూసి, "అయితే అత్తయ్యే," అని తీర్పు చెప్పింది.

మర్నాడు అక్క వచ్చింది.

"మీ మామయ్య ఫోన్ ఇచ్చాడా?"

"లేదమ్మా. గోడ ఇచ్చాడు," అంది లాయరు.

సంగతంతా విని అక్క, దుకాణానికి వచ్చిన ఆ అమ్మాయిని తేరిపార చూసింది. "మా తమ్ముడు అన్నిటికీ బేరమాడతాడమ్మా. వేగగలవా?"

"నేను తగ్గనండి."

"ఇన్నాళ్లకి వీడికి తగిన మనిషి దొరికింది," అని అక్క నవ్వేసింది.

పెళ్లయ్యాక గోడ కొట్టించి తలుపు పెట్టించాం. పనివాళ్లకు గోడ మధ్యలో ఏమీ దొరకలేదు. ఇప్పుడు ఆమె పని బల్లా నా బల్లా పక్కపక్కనే. కొన్ని మధ్యాహ్నాలు ఇద్దరం ఒకేసారి పని ఆపి వింటాం. ఏం విన్నావని నేనడగను, ఆమె చెప్పదు. కుర్చీ మాత్రం కాస్త దగ్గరికి జరుపుకుంటుంది. ఖర్చులన్నీ తీసేయగా నాకు మిగిలింది అదే.