ఎవరి నాలుగు?

ఫిన్లండ్ గణతంత్రపు ఆర్థిక భవితవ్యం ఆ అక్టోబరు ఉదయం టోర్నియో రైల్వే క్యాంటీన్‌లో, రెండు కాఫీ కప్పుల నడుమ, ఒక కాగితపు ముక్క మీద పెన్సిల్‌తో రాసి ఉంది: 62. పక్కన బాణం గుర్తు. ఆ పక్కన 81.

కర్నల్ రాంటలా ఆ కాగితాన్ని కాఫీలో ముంచి, నమిలి మింగేశాడు. రాజ్యరహస్యాలు మింగడంలో ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం.

"అర్థమైందా?"

"అయింది సార్. ఇప్పుడు మన మార్కలు అరవై రెండిస్తే నూరు స్వీడిష్ క్రోనాలు. డీవాల్యుయేషన్ తర్వాత ఎనభై ఒకటి."

"ఇవాళ నాలుగింటికే ప్రకటన."

"ఎవరి నాలుగు?"

"మన నాలుగేనయ్యా."

ఆ నది ఒడ్డున ఇది పుట్టుకతో వచ్చే ప్రశ్న. వంతెనకు ఇవతల టోర్నియో, అవతల స్వీడన్‌వారి హాపరాండా. ఇక్కడ నాలుగు కొడితే అక్కడ మూడే. పెళ్ళికి పిలిచినా, చావుకు పిలిచినా, ఎవరి టైమో కనుక్కున్నాకే నవ్వడమో ఏడవడమో.

ఏజెంట్ పేరు అర్వో పలోసారి. అర్వో అంటే వాళ్ళ భాషలో 'విలువ'. దేశపు నాణేనికి మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. బంగారపు రోజుల్లో నూరు క్రోనాలకు నూట ముప్పై తొమ్మిది మార్కలు చాలేవి. యుద్ధాల తర్వాత ఆ లెక్క వేలకు పాకింది. నాలుగేళ్ళ కిందట ప్రభుత్వం శస్త్రచికిత్స చేసి రెండు సున్నాలు కోసేసి, రోగికి నయమైందని చాటింది. ఈ రేట్ల పట్టికే డిపార్ట్‌మెంట్‌కు కోడ్ బుక్.

"హాపరాండా హోటల్లో బ్రాంట్ అని ఒకడు దిగాడు. పైకి స్కేట్ల వ్యాపారి, లోపల విదేశీ ముఠా," అన్నాడు కర్నల్. "మూడు పెట్టెల నిండా మన మార్కలు. ముందే మారిస్తే బ్యాంకుకి అనుమానం వస్తుంది. అందుకని సరిగ్గా ప్రకటనకి ముందు మార్చేసుకుంటాడు. వాడికి కావాల్సింది టైమే. అది చేరవేసేది నీ సిగ్నే."

"ఆమె మన మనిషి సార్! మూడేళ్ళుగా..."

"మూడేళ్ళుగా వాడి మనిషి కూడా. ఒక పని చెయ్యి. 'నాలుగింటికి' అని మాత్రం చెప్పు. ఎవరి నాలుగో చెప్పకు. మనసు నీ దగ్గరుంటే అడుగుతుంది. వాడి దగ్గరుంటే, విన్నది మోసుకుని పరుగెడుతుంది."

వసంతంలో ఆమెను పెళ్ళాడదామనుకున్నవాడు లేచి సెల్యూట్ చేశాడు.

సిగ్నే లిండ్‌మార్క్ హాపరాండా బ్యాంకులో కరెన్సీ మార్చే కౌంటర్ గుమాస్తా. నక్కతోలు కాలర్ వేసుకుని సైకిల్ తొక్కే స్త్రీ రెండు దేశాల్లోనూ ఆమె ఒక్కతే. వంతెన మీద సైకిలాపింది.

"బంగారపు రోజుల్లో ఎంత?" కోడ్ అడిగాడు అర్వో.

"నూట ముప్పై తొమ్మిది. ఏంటా మొహం? పొద్దున కాఫీలో మీ వాళ్ళు వేసుకునే జున్నుముక్క పడలేదా దొరగారికి?"

"ఇవాళే సిగ్నే. నాలుగింటికి."

ఆమె నీళ్ళకేసి చూసింది. అర్వో ఎదురుచూశాడు. రెండే మాటల ప్రశ్న అది. ఆ ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా వచ్చు.

"సరే," అంది. కాలర్ సర్దుకుని సైకిలెక్కింది.

హాపరాండా గడియారం రెండూ యాభై చూపిస్తుండగా, వెన్న కొనడానికి నది దాటొచ్చి డబ్బు మార్చుకునే ముసలమ్మ వేషంలో, కెమెరా దాచిన సైకిల్ పంపుతో, ఆరడుగుల అర్వో బ్యాంకు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన మఫ్టీలో స్వీడిష్ పోలీసు హెడ్‌లుండ్.

నాలుగనుకున్న బ్రాంట్ గంట ముందే దిగాడు. అత్యాశకు గడియారం ఉండదు. పెట్టెలు బల్ల మీద తెరుచుకున్నాయి. బోర్డు మీద 62.

సిగ్నే లెక్కపెట్టింది. వేళ్ళు తడుపుకుంది. ఆగింది. "అయ్యో, తప్పింది. మళ్ళీ మొదట్నించీ."

"తొందరగా కానీవమ్మా!"

"తొందరెందుకు సార్? ఇంకా గంట ఉందిగా."

అర్వో బెంచీ మీంచి ఆ మాట విన్నాడు. గంట ఉందట! నిజంగానే నమ్మింది. నిజంగానే మోసుకెళ్ళింది.

ఆఖరి కట్ట పూర్తయింది. రసీదు మీద కొట్టడానికి ముద్ర పైకి లేచింది.

ఫోన్ మోగింది.

సిగ్నే ముద్ర పక్కన పెట్టి, ఫోన్ విని, లేచి బోర్డు మీద 62 తీసేసి 81 తగిలించింది. బ్రాంట్ ఏ భాషలో తిట్టాడో అప్పటికెవరికీ తెలియలేదు. అతని జాతీయత ఆ తిట్లను బట్టే తేలింది.

హెడ్‌లుండ్ లేచి బ్యాడ్జి చూపించాడు. సిగ్నే వైపు చూసి, "ఈవిడ ఎవరి మనిషి, ముసలమ్మగారూ?" అన్నాడు.

"వాళ్ళ మనిషే," అన్నాడు అర్వో.

ఆమె స్టేషన్‌లో ఉంగరం, కాలర్, చేతి గడియారం తీసి పళ్ళెంలో పెట్టింది. హెడ్‌లుండ్ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆడుతోంది గానీ తప్పు చూపిస్తోందే. మనకి మూడున్నరైతే ఇందులో నాలుగున్నర!"

అర్వో దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆమె ముంజేతి మీద పట్టీ అచ్చు చాలా పాతది. హాపరాండాలో పుట్టి, హాపరాండాలో కొలువు చేస్తూ, ఆమె ఏనాటి నుంచో అతని గంటలోనే బతుకుతోంది. అడగకపోవడం తెలియక కాదు. ఎవరి నాలుగో నోరు తెరిచి అడిగితే, విన్న జవాబు బ్రాంట్‌కు చెప్పక తప్పదు. కౌంటర్ దగ్గర మిగిలింది గంట కాదు, పది నిమిషాలని ఆమెకు తెలుసు. ఆ పది నిమిషాలనూ వేళ్ళు తడుపుకుంటూ ఖర్చుచేసింది.

అతను బయటికి పరుగున వెళ్ళేసరికి ఆమెను వ్యాన్ ఎక్కిస్తున్నారు.

"సిగ్నే! తప్పు నాది. వాళ్ళకి చెప్తాను. రేపు నాలుగింటికి వస్తా."

అతని నెత్తిన ఇంకా ముసలమ్మ గుడ్డ ఉంది. ఆమె దాన్ని చూసి నవ్వింది.

"ఎవరి నాలుగు, అర్వో?"

తలుపు మూసుకుంది.

మర్నాడు అతను స్టేషన్‌కు రెండు నాలుగులకూ వెళ్ళాడు. ఆమెను ఉదయం రైల్లోనే స్టాక్‌హోం పంపేశారు. ఆమెను విడిపించమంటే కర్నల్ మాత్రం, బ్రాంట్ దగ్గర ఆమె జీతం పుచ్చుకోవడం నిజమేననీ, ఒకసారి ప్రకటించిన రేటును వెనక్కి తీసుకునే ఆచారం ఏ రాజ్యానికీ లేదనీ సెలవిచ్చాడు.

అర్వోకు పతకం వచ్చింది. ఆ తర్వాత ఎవరు ఏ వేళకు రమ్మన్నా ఎవరి టైమని అతను అడగలేదు. గంట ముందే వెళ్ళి నిలబడేవాడు.