కుడివైపు ఐదు కంతలు

ఆ ఇంట్లో పొద్దున్నే వినబడేవి రెండే చప్పుళ్ళు: కుళాయి చప్పుడు, మేస్త్రీగారి దగ్గు. ఆ రోజు మూడోది వినబడింది, కరకరమని ఆకురాయి చప్పుడు. ఏమిటా అని వంటింట్లోంచి వచ్చిన కూతురు గుమ్మంలోనే నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

భోజనాల బల్ల మీద మూరెడు పొడుగు జలాంతర్గామి పక్కకి ఒరిగి ఉంది. నాన్న మూడు నెలలు కూర్చుని ముక్కముక్కా అతికించి, రంగేసి, నిన్ననే హమ్మయ్య అనుకున్న నమూనా అది. సాయంత్రం నాలుగింటికి ఓడల కార్ఖానా పాత ఉద్యోగులంతా కలుస్తున్నారు. మనమంతా కట్టిన సబ్‌మెరైన్ ఇదిగో అని ఆయన అక్కడ చూపించాలి. దాని కుడివైపు నల్లరంగంతా గీకేసి ఉంది. అమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, నీళ్ళు వెళ్ళే కంతల్లో తెల్లటి పుట్టీ కూరుతోంది.

"అమ్మా! ఏం చేస్తున్నావు?"

"కనబడటంలా? తప్పు దిద్దుతున్నా."

"నాన్నా, తొందరగా రా!"

మేస్త్రీగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చారు. బల్ల వైపు ఒక్క చూపు చూసి, అక్కడే కుర్చీలో కూలబడ్డారు.

"ఎంత పని చేశావే! డబ్బాతో వచ్చిన కాగితంలో ఎలా ఉందో పొల్లుపోకుండా అలాగే చేశాను కదా. ఎడమ ఏడు కంతలు, కుడి ఏడు కంతలు."

"కాగితమే తప్పు. కుడివైపు ఐదే."

అల్లుడు పేపరు చాటు నుంచి, "అంతంత కంతలు ఎవరు లెక్కపెడతారు అత్తయ్యగారూ, భూతద్దం తెచ్చుకుంటారా?" అని నవ్వబోయాడు. అత్తగారు చూసిన చూపుకి పేపరు మళ్ళీ మొహానికి అడ్డం వచ్చింది.

కూతురికి ఒళ్ళు మండింది. మండదా మరి? "చేతులు వణుకుతున్నా పంటి బిగువున చేశాడమ్మా! తిరగమరగ మేస్త్రీ అని వెక్కిరించే వాళ్ళ ముందు ఒక్క పూటైనా తలెత్తుకుందామనుకున్నాడు. అదీ నీకు గిట్టలేదా?"

ఆ పేరు ఆయనకి నలభై ఏళ్ళ కిందటిది. నక్షా తిరగేసి చూసి, అసలు జలాంతర్గామికే ఉక్కు రేకులు తప్పు కోసిన ఘనుడని కార్ఖానా అంతా ముద్దుగా తగిలించింది. రిటైరయినా అది మాత్రం ఆయన్ని వదల్లేదు.

"అందుకే గీకాను," అంది అమ్మ. డబ్బాలో వచ్చిన కాగితం మడత విప్పి కూతురి ముందు పరిచింది. "ఈ మూల చూడు. ఈ ఏడు అంకె ఎవరిది?"

అచ్చులో ఉన్నా ఆ ఏడు చేతిరాతే. నడుముకి చిన్న అడ్డగీత, కింద కొక్కెం. గోడ క్యాలెండరు మీద అమ్మ రాసే ఏడు.

"నీదే కదా!" కూతురి గొంతు తగ్గింది.

అమ్మ కూడా ఒకప్పుడు అదే కార్ఖానాలో నక్షాలు దిద్దేది. పెన్సిలు గీతల మీద పల్చటి కాగితం పరిచి సిరాతో గీయడం ఆమె పని. ఈ బొమ్మ ముక్కల్ని డబ్బాలో పెట్టి అమ్మే కంపెనీవాళ్ళకి ఆవిడ గీసిన పాత నక్షా ఎక్కడో దొరికింది. ఉన్నది ఉన్నట్టు అచ్చేసి డబ్బాలో పెట్టేశారు.

"ఎడమవైపు గీశాను. కుడివైపు గీయాలంటే బల్ల మీదకి బాగా వంగాలి. ఏడో నెల కడుపు, వంగలేకపోయాను. రెండు వైపులూ ఒకటేలే అని కాగితం తిరగేసి అవే గీతలు దింపేశాను. మీ నాన్న నా నక్షా ప్రకారమే కోశారు. అధికారి వచ్చి నిలదీసేసరికి ఆ నక్షా కొలిమిలో పడేసి, 'నక్షా బాగానే ఉంది, నేనే తిరగేసి చూశాను' అన్నారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు మరి. మిగతా ప్రతులన్నీ దొంగలా దిద్దుకున్నాను. ఇదొక్కటి తప్పించుకుంది."

ఏడో నెల కడుపు! ఆ కడుపులో ఉన్నది తనే. కూతురికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడవన్నీ ఎందుకే?" అన్నారు మేస్త్రీగారు నేల చూపులు చూస్తూ. "నాకేం నొప్పి లేదు. అలవాటైపోయింది."

"మీకు అలవాటైంది, నాకు కాలేదు! వాళ్ళు ఆ పేరు పెట్టి పిలిచినప్పుడల్లా మీరు నవ్వుతారు, నేను పక్కన కూర్చుని గుటకలు మింగుతాను. ఇక మింగను. ఇవాళ అందరి ముందూ చెప్పేస్తాను. మీరు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే."

"నలుగురిలో నీకు అవమానం కాదూ?"

"అవ్వనీండి! నా తప్పు, నా అవమానం. మధ్యలో మీరెవరు మోయడానికి?"

మేస్త్రీగారు కుర్చీ జరుపుకుని, నమూనాని తన వైపు లాక్కుని చూశారు.

"ఆ మూడో కంత అక్కడ పెడుతున్నావేంటి? ఇంకాస్త వెనక్కి. అసలుదానికి ఆ ఏడూ పూడ్చి ఐదు మళ్ళీ కోసినవాణ్ణి నేను, పదిహేను రోజులు. నాకు చెప్పొచ్చావు! ఆ ఉప్పుకాగితం ఇటివ్వు."

మూడింటికల్లా ఏడూ పూడాయి, ఐదు తెరుచుకున్నాయి. కూతురు నల్లరంగు సీసా తెచ్చింది. "ఇంకా టైముందమ్మా, రంగేసేద్దాం."

"వద్దు. తెల్లగానే ఉండాలి. కనబడితే అడుగుతారు. అడిగితే చెప్తాను."

అడగనే అడిగారు. నాలుగింటికి పాత ఉద్యోగులు కలిసే హాల్లో అడుగు పెట్టారో లేదో, పాత వెల్డరు దూరం నుంచే కేకేశాడు. "ఏమయ్యా తిరగమరగ మేస్త్రీ! ఈ తెల్ల మచ్చలేంటి, మళ్ళీ తిరగేశావా?"

అందరూ గొల్లుమన్నారు. మేస్త్రీగారు అలవాటు కొద్దీ, "అవునయ్యా, నేనే..." అనబోయారు. ఆవిడ ఆయన కాలు గట్టిగా తొక్కింది. నమూనాని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"కాదు. నక్షా తప్పు గీసింది నేను. నన్ను కాపాడటానికి ఈయన తన మీద వేసుకున్నారు. కోసిన చెయ్యి ఆ రోజు కూడా సరిగ్గానే కోసింది."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వెల్డరు నమూనా దగ్గరికొచ్చి, వేలితో తడుముతూ కంతలు లెక్కపెట్టాడు. ఐదు. తర్వాత తన కుర్చీ లాగి ముందుకు జరిపాడు.

"మేస్త్రీగారూ," అన్నాడు. "ఇలా కూర్చోండి."

మేస్త్రీగారు కూర్చున్నారు. నాకేం నొప్పి లేదని నలభై ఏళ్ళు నవ్విన మనిషి, భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు.