తడి బట్టలో తాళపత్రం

"మేడం, రేపు తప్పొప్పుకునే మాఫీ కాగితం మీద సంతకం పెట్టకుంటే టీసీ ఇస్తరట. నేను పెట్ట."

కామారెడ్డిలోని డిటెక్టివ్ వనజ ఆఫీసులో సుష్మిత కూర్చోకుండానే అంది. వనజ సహాయకుడు సుందర్ కుర్చీ జరిపినా ఆమె చూడలేదు.

సుష్మిత చదివే ఎల్లారెడ్డి కాలేజీ విద్యార్థులను రాజస్థాన్ ఎడారిలోని పాత కోటలు, గుళ్లు చూపించడానికి తీసుకెళ్లారు. ఒక జైన గుడి గ్రంథాలయంలో తాళపత్రం మాయమైంది. మర్నాటి సాయంత్రం లాడ్జిలో సోదా చేస్తే, అది సుష్మిత సంచిలో తడి బట్టలో చుట్టి దొరికింది. సుష్మితది లింగంపేట, తల్లి రాములవ్వ బీడీలు చేస్తుంది. ఎండిన ఆకు విరగకుండా తడి బట్టలో చుట్టేది బీడీ ఇండ్లల్లోనే కదా! అంతే, తీర్పు అయిపోయింది.

"సోదా రోజు ఎక్కడున్నవ్?"

"పొద్దటి సంది అందరితోని ఇసుక దిబ్బల కాడ. సంచి లాడ్జిలనే ఉండె."

"బట్ట ఎంత తడిగుంది?"

"నీళ్లు కారుతుండె."

"గక్కడ బట్టలు ఎంతసేపట్ల ఆరుతయి?"

"ఆరేసి తిరిగి చూసేసరికే."

వనజ నవ్వింది. ఆ నవ్వు చూస్తే సుందర్‌కు ప్రాణం లేచొస్తుంది.

"లాడ్జిల ఎవరున్నరు?"

"హిస్టరీ మహేందర్ సార్. తలనొప్పని రాలే. మేం తిరిగి రాంగనే సోదా చేసింది గూడ ఆయననే."

మర్నాడు ప్రిన్సిపాల్ భూమయ్య గదిలో అందరూ కూర్చున్నారు. "మా ఇంట్ల బీడీ ఆకు ముట్టినోళ్లే లేరు" అన్నాడు మహేందర్ ముందే, ఎవరూ అడక్కుండానే. వనజ తలా ఒక ఎండు తునికాకు, బీడీలు చేసే ఆకు, ఇచ్చి చుట్టమంది. భూమయ్య ఆకు ఫెళ్లున విరిగింది. సుందర్‌ది పొడైంది. వాళ్లు విసుక్కుంటుండగా మహేందర్ వేళ్లు బల్ల మీది నీళ్ల గ్లాసులో మునిగాయి. తడిపిన రుమాలు ఆకుకు చుట్టాక గానీ అతను తల ఎత్తలేదు.

"చేతి అలవాటు చచ్చినా పోదు సార్" అంది వనజ. "పొద్దున సుష్మిత తడిపిన బట్టయితే ఆ ఎడారి గాలికి ఎప్పుడో ఎండాలె. సోదాకు జర ముందు తడిపిండ్రు. అప్పుడు లాడ్జిల మీరొక్కరే."

మహేందర్ తల వంచాడు. "తాళపత్రం నేనే కనుగొన్ననని పేరు తెచ్చుకుందామనుకున్న. గుడోళ్లు సోదా అనంగనే భయమై సుష్మిత సంచిల పెట్టిన. మా అవ్వ గూడ బీడీలే చేసింది. గది ఎవలకూ తెల్వొద్దని ఇన్నేండ్లు దాచిన."

భూమయ్య మాఫీ కాగితం చింపాడు. "పో బిడ్డా. గీ ముచ్చట గీ రూంలనే ఉండనీ."

"ఉండది సార్" అంది సుష్మిత. "నన్ను దొంగన్నది ప్రేయర్ల, అందరి ముందట. గక్కడనే చెప్పుండ్రి. మా అవ్వను తోలుకొస్త."

మర్నాడు ప్రేయర్‌కు రాములవ్వ బీడీల చాటతోనే వచ్చి ముందు కూర్చుంది. ప్రిన్సిపాల్ క్షమాపణ చెప్పినంతసేపూ ఆమె చేతులు ఆగలేదు.